పథ్యం పేరుతో పస్తులు పెట్టకండి

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తెలిస్తే చాలు, చూడ్డానికి వచ్చే ప్రతివాళ్ళూ డైటీషియన్లే. పంచదార విషం, పాలు వద్దు, గుడ్డు వేడి, వంకాయ పేరెత్తకూడదు. వాట్సాప్ వైద్యాలు సరేసరి. చివరికి కంచంలో మిగిలేది చప్పిడి జావ. మనిషి చిక్కి శల్యమవుతుంటే "జబ్బు అలాంటిది" అని నిట్టూరుస్తాం. జబ్బు తిన్నది కొంతైతే మన పథ్యం తిన్నది ఇంకొంత. ఆ మాట మాత్రం ఎవరూ అనరు.

పంచదార మానేస్తే క్యాన్సర్ ఆకలితో చస్తుందట! క్యాన్సర్ కణాలు గ్లూకోజు ఎక్కువగా వాడుకుంటాయన్నది నిజమే. 1920ల్లోనే వార్‌బర్గ్ అనే శాస్త్రవేత్త గమనించాడు. కానీ మన మెదడుకీ ఆ గ్లూకోజే కావాలి. తిండిలో దొరక్కపోతే ఒళ్ళు తన కండ కరిగించి మరీ తయారుచేసుకుంటుంది. అంటే మాడేది గడ్డ కాదు, మనిషి. షుగరు జబ్బు కూడా ఉన్నవాళ్ళ లెక్క వేరు, అది డాక్టరు చూసుకుంటారు.

యూరప్ పోషకాహార నిపుణుల మార్గదర్శకాల్లో క్యాన్సర్ రోగికి కిలో బరువుకి రోజూ కనీసం 1 గ్రాము, వీలైతే 1.5 గ్రాముల దాకా మాంసకృత్తులు కావాలని ఉంది. 50 కిలోల మనిషికి 50 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేదే సుమారు 6 గ్రాములు. ఇక జావలో ఎంతుంటుందో మీరే చెప్పండి.

పోర్చుగల్‌లో పేగు క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకుంటున్న 111 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి మామూలు తిండే ఎలా తినాలో విడివిడిగా కూర్చోబెట్టి చెప్పారు, ఒక జట్టుకి ప్రొటీన్ డబ్బాలిచ్చారు, మూడోదాన్ని ఇష్టానికి వదిలేశారు. 2005లో ఫలితాలు వచ్చాయి. చికిత్స అయిన మూడు నెలలకి కూడా తిండీ, ఓపికా నిలబెట్టుకున్నది మొదటి జట్టే.

మరి మనకి? చాలా చోట్ల డిశ్చార్జి కాగితం మీద "సాఫ్ట్ డైట్" అని రెండు ముక్కలు రాసి పంపేస్తారు. మిగతాది వంటింటి మీద పడుతుంది. తగ్గకపోతే నింద కూడా వండినావిడకే. జబ్బు ఆవిడకే వస్తే ఇంకా ఘోరం. పోపు వాసనకే వాంతి వస్తున్నా అందరికీ వండి, మిగిలింది తినాలి.

అందుకే అడుగుదాం. మందుల చీటీతో పాటు డైటీషియన్‌తో అరగంట ఇప్పించమని గట్టిగా అడుగుదాం. నోరు పూస్తే ఏం పెట్టాలి, రుచి పోతే ఏం చెయ్యాలి, రోజుకి ఎన్నిసార్లు, ఎంతెంత? అన్నీ రాయించుకుందాం. ఊరికే సలహాలిచ్చే చుట్టాలకి ఒకటే జవాబు: "చూడ్డానికి వస్తే సలహా బదులు ఓ గిన్నెడు మెత్తటి పప్పన్నం తెండి."