ఎడారి ధూళి హరికేన్లను ఆపుతుందా?

2020 జూన్ చివరి వారంలో, అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఉంటున్న నా పూర్వ విద్యార్థి ఒకడు ఫోనులో ఒక ఫోటో పంపించాడు. పట్టపగటి ఆకాశం. నీలం రంగు మచ్చుకైనా లేదు, పలచని మజ్జిగలా తెల్లబారి ఉంది. "మాస్టారూ, ఇది ఆఫ్రికా నుంచి వచ్చిన దుమ్మట. దీనివల్ల ఈ ఏడు హరికేన్లు రావని ఇక్కడ అనుకుంటున్నారు. నిజమేనా?" అని అడిగాడు. నేను ముందువెనుకలు చూడకుండా, "నిజమే, ధూళితోపాటు పొడిగాలి వస్తుంది, పొడిగాలిలో తుఫాను బతకదు" అని చెప్పేశాను. ఆ జవాబులో సగం తప్పు. పరీక్షలో మీరు అదే రాసి ఉంటే నేను పూర్తి మార్కులు వేసేవాణ్ణి కూడా! అందుకే ఆ తప్పు ఎక్కడుందో మీకు చెప్పవలసిన బాధ్యత నామీద ఉంది.

హరికేన్ అనే పేరు కొత్తగా ఉన్నా అది మనకు తెలియనిది కాదు. 1977 నవంబరులో దివిసీమను ఊడ్చిపెట్టిన తుఫానూ హరికేనూ ఒకే జాతివి. బంగాళాఖాతంలో పుడితే తుఫాను అంటాం, అట్లాంటిక్‌లో పుడితే హరికేన్ అంటారు. అది పుట్టాలంటే సముద్రపు నీరు సుమారు 26.5 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గకుండా వెచ్చగా ఉండాలి. గాలిలో పై ఎత్తుల దాకా తేమ ఉండాలి. కింది గాలికీ పై గాలికీ వేగంలో, దిశలో పెద్ద తేడా ఉండకూడదు. వీటన్నిటితోపాటు మొదట గాలిలో ఒక అలజడి కావాలి. అట్లాంటిక్‌లో ఆ అలజడి చాలాసార్లు ఆఫ్రికా నేలమీద పుట్టి, తరంగాల రూపంలో పడమటికి కదిలి సముద్రం మీదికి వస్తుంది. పెద్ద హరికేన్లలో అధికభాగానికి విత్తనాలు ఇవే.

విత్తనాలను పంపే ఆ ఆఫ్రికాయే వాటిని అణచే ధూళినీ పంపుతుంది! వేసవిలో సహారా నేల కాగిపోయి, వేడిగాలి ధూళిని మోసుకుంటూ పైకి లేస్తుంది. తీరం దాటాక సముద్రపు చల్లని, తేమగాలి దాని కిందికి చేరుతుంది. అప్పుడు ఈ ధూళిగాలి సుమారు ఒకటిన్నర నుంచి ఆరు కిలోమీటర్ల ఎత్తు మధ్య ఒక పొరగా సాగిపోతుంది. మూడు నుంచి ఐదు రోజులకు ఒక విడతగా వస్తుంది. 1832 జనవరిలో 'బీగిల్' ఓడ కేప్ వర్డ్ దీవులు చేరినప్పుడు చార్లెస్ డార్విన్ ఈ ధూళిని చూశాడు. అది తమ ఖగోళ పరికరాలను కొంత పాడుచేసిందని రాశాడు. జోసెఫ్ ప్రాస్పెరో 1965 నుంచి బార్బడోస్ దీవిలో దీన్ని కొలుస్తూ వచ్చాడు. 1972లో ఆయనా టోబీ కార్ల్‌సన్ కలిసి ఈ పొర స్వరూపాన్ని వివరించారు. సహారా పడమటి అంచు దాటే ధూళి ఏటా సుమారు 18 కోట్ల టన్నులని ఉపగ్రహాల లెక్క.

ఈ పొర తుఫానును ఎలా అడ్డుకుంటుంది? కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మీకు తెలుసు. పైకి ఊరిన చెమ్మ ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. మేఘంలోకి పొడిగాలి చొరబడినప్పుడు అక్కడ జరిగేదీ ఇదే. వాన చినుకులు దారిలోనే ఆవిరవుతాయి. గాలి చల్లబడి, బరువెక్కి, కిందికి దిగుతుంది. పైకి ఎగయవలసిన చోట గాలి కిందికి దిగితే తుఫాను ఎలా ఎదుగుతుంది? అంతేకాదు, ఈ పొర వెచ్చగా ఉండటం వల్ల కిందనుంచి లేచే గాలికి మూతలా అడ్డుపడుతుంది. దీనిలో గంటకు 40 నుంచి 90 కిలోమీటర్ల వేగంతో తూర్పుగాలి ఒకటి వీస్తుంది. నిలబెట్టిన గుంజను పైన ఒకరు, కింద ఒకరు పట్టుకుని చెరోవైపు లాగితే ఏమవుతుంది? తుఫాను నిలువు కట్టడం కూడా అలాగే ఒరిగిపోతుంది.

గమనించారా? ఇంతవరకూ నేను చెప్పినదంతా గాలి చేసిన పని. ధూళి చేసిన పని ఇంకా చెప్పనే లేదు! మనకు కళ్లకు కనిపించేది ధూళి కాబట్టి ఘనత అంతా దానికే కట్టబెడతాం. ధూళికీ సొంత పనులున్నాయి. ఎండను అడ్డుకుని సముద్రాన్ని కొంత చల్లబరుస్తుంది. తాను ఎండను పీల్చుకుని పొరను వేడెక్కిస్తుంది. మేఘాల్లో నీటి బిందువులకు, మంచు పలుకులకు కేంద్రకంగా పనిచేస్తుంది. ఈ చివరిది వానను తగ్గించనూ వచ్చు, పెంచనూ వచ్చు.

శాస్త్రజ్ఞులు కూడా దీని మీద వాదించుకుంటూనే ఉన్నారు. 1982 నుంచి 2005 వరకు ఉపగ్రహాల లెక్కలు తీస్తే, ధూళి ఎక్కువైన ఏళ్లలో అట్లాంటిక్‌లో తుఫాను రోజులు తక్కువని 2006లో ఒక పరిశోధన తేల్చింది. 2010లో నాసాకు చెందిన స్కాట్ బ్రాన్, పొడిగాలి కనిపించిన ప్రతిచోటా నేరం సహారా మీద మోపుతున్నామని ఆక్షేపించాడు. పై ఎత్తుల నుంచి దిగే గాలి కూడా పొడిగానే ఉంటుంది కదా! ఆయన ఆక్షేపణ నాకు న్యాయంగానే తోస్తుంది. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం.

మళ్లీ 2020కి వద్దాం. ఆ జూన్‌లో వచ్చిన ధూళి మేఘం ఎంత పెద్దదంటే దానికి 'గాడ్జిల్లా' అని రాక్షసబల్లి పేరు పెట్టారు. మరి ఆ ఏడాది హరికేన్లు తగ్గాయా? అట్లాంటిక్‌లో ఏకంగా 30 తుఫానులు లేచాయి. అంతకుముందు రికార్డు 2005 నాటి 28. పెట్టిన పేర్ల జాబితా అయిపోయి, ఆల్ఫా, బీటా అంటూ గ్రీకు అక్షరాలు వాడవలసివచ్చింది. ఆగస్టు 27న లూసియానా తీరాన్ని తాకిన 'లారా' హరికేన్ గంటకు 240 కిలోమీటర్ల గాలులతో వచ్చింది. హ్యూస్టన్‌కు తూర్పున కొద్ది దూరంలోనే! ఆ రాత్రి మా వాడు ఫోను చేసినప్పుడు నాకు జవాబు తోచలేదు.

నా లెక్క ఎక్కడ తప్పింది? ధూళి ముమ్మరంగా వచ్చేది జూన్, జూలై నెలల్లో. హరికేన్లు ముమ్మరించేది ఆగస్టు మధ్యనుంచి అక్టోబరు దాకా. జూన్‌లో వచ్చిన మేఘం సెప్టెంబరు దాకా కాపలా ఉండదు. అది ఉన్నచోట, ఉన్న నాలుగు రోజులూ అడ్డుకుంటుంది, అంతే. ఆ ఏడాది అట్లాంటిక్ నీరు మామూలుకన్నా వెచ్చగా ఉంది. పసిఫిక్‌లో లా నినా ఏర్పడటంతో అట్లాంటిక్ మీద పైగాలుల ఆటంకం తగ్గింది. నేను ఒక్క ధూళినే చూసి మిగతావాటిని మరచిపోయాను.

"విమానాలతో దుమ్ము చల్లి తుఫానును ఆపలేమా మాస్టారూ?" అని తరగతిలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. 18 కోట్ల టన్నులు మోసే విమానాలు ఎన్ని కావాలో లెక్క వేసి రమ్మంటాను. దుమ్ము తెచ్చినా, ఆ పొడిగాలిని ఎక్కడినుంచి తెస్తారు?

మీకు వచ్చే జూన్‌లో సహారా ధూళి వార్త కనబడితే తేదీ వేసి నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. నవంబరు 30తో హరికేన్ల కాలం ముగిశాక, ఆ ఏడు ఎన్ని తుఫానులు లేచాయో దాని పక్కనే రాయండి. నా పుస్తకంలో 'గాడ్జిల్లా' అన్న మాటకు ఎదురుగా 30 అని ఉంది.