తోడేలును తోడేలుగా ఉండనివ్వండి

ఎర్ర టోపీ పాప కథను విప్పిచెప్పేవాళ్లు తరచుగా ముందే ఒక పట్టిక వేసుకుంటారు: ఎరుపంటే యౌవనం, అడవంటే లోకం, తోడేలంటే మగాడు. ఈ ధోరణికి ఊతమిచ్చినవారిలో మనోవిశ్లేషకుడు ఎరిక్ ఫ్రామ్ ఒకడు. 1951 నాటి పుస్తకంలో ఆయన టోపీలో రజస్వల కావడాన్నీ, పాప చేతిలోని సీసాలో కన్యత్వాన్నీ చూశాడు. వినడానికి బాగానే ఉంది కానీ, 1697లో ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో అచ్చువేసిన కథలో అసలు సీసాయే లేదు. పాప అవ్వకు తీసుకెళ్లేది రొట్టె, చిన్న వెన్నకుండ. సీసా ఉన్నది 1812 నాటి గ్రిమ్ సోదరుల కథలో. అక్కడా అది పగిలితే జబ్బుపడ్డ అవ్వకు ఏమీ మిగలదని తల్లే కారణం చెబుతుంది. ఫ్రెంచి పల్లెల్లో నోటిమాటగా నడిచిన కథల్లో ఈ టోపీ, సీసా కనబడవని చరిత్రకారుడు రాబర్ట్ డార్న్‌టన్ 1984లో ఎత్తిచూపాడు.

నా దృష్టిలో ఈ కథ అసలు బలం వస్తువుల్లో లేదు, అవ్వ మంచంలో దూరిన తోడేలుతో పాప సంభాషణలో ఉంది. పెరో కథలో పాప అవ్వ చేతులు, కాళ్లు, చెవులు, కళ్లు, చివరికి పళ్లు ఎందుకంత పెద్దవని అడుగుతుంది. చేతులు హత్తుకోవడానికట, కాళ్లు పరిగెత్తడానికట. మంచాన పడ్డ ముసలమ్మకు పరుగుతో పనేమిటి? అక్కడే అనుమానం రావాలి, పాప మాత్రం అడుగుతూనే పోతుంది. అవ్వ ముద్దూ మృగం ఆకలీ ఒకే జవాబులో ఇమిడిపోయాయి. తోడేలుకు బదులు మగాడని రాసుకున్న క్షణంలో ఆ రెండోది జారిపోతుంది.

పెరోయే కథ చివర పద్యం కట్టి, మెత్తగా మాట్లాడే తోడేళ్లే ప్రమాదమని చెప్పాడు కదా అనవచ్చు. నిజమే. అయితే ఆ మాట కథ ముగిశాక విడిగా పెట్టాడు. కథలోపల తోడేలుకు మనిషి పోలిక అంటగట్టలేదు. మనుషుల్ని తోడేళ్లు నిజంగానే చంపుతున్న నాటి ఫ్రాన్సులో ఆ జంతువుకు వేరే అర్థం తొడగనక్కర్లేకుండానే భయం పుడుతుంది. పిల్లల్ని జాగ్రత్తపరచాలంటే అర్థం విప్పిచెప్పాలి కదా అనే వాదన ఇంకాస్త బరువైనది. కానీ తోడేలంటే కొత్తవాడని నేర్పితే పిల్లలు అడవిలోనే భయపడతారు. పెరో తోడేలు అడవిలో పాపను పలకరించి వదిలేసింది, తినేసింది మాత్రం అవ్వ ఇంట్లో, అవ్వ పడకమీద, అవ్వ గొంతుతో పిలిచి.