యువజన సేవకుల విదేశశిక్షణ

మన దేశమున యువజనుల నడుమ పనిచేయు సేవకులు కొందఱు ఏటేట సముద్రములు దాటి అంతర్జాతీయ శిక్షణ తరగతులకు పోయి వచ్చుచున్నారు. వారము పది దినములు అచ్చట నుందురు. నానాదేశముల వారితో వలయముగా కూర్చుందురు. ఆడుదురు, పాడుదురు, చర్చింతురు. కడపటి దినమున ఒక యోగ్యతాపత్రమును అందుకొని ఇలు చేరుదురు. పంపిన సంఘము వారు పూలదండ వేయుదురు. స్థానిక పత్రికలో ఛాయాచిత్రము పడును. అంతటితో ఆ కథ ముగియును. పోయినవారు ఏమి నేర్చిరి, నేర్చినదానిని ఎవరికి నేర్పిరి, అసలు పోదగినవారే పోయిరా అని అడుగువారు కానరారు. ఆ ప్రశ్నలను నేడు మేమడుగుచున్నాము. ఇది కొందఱికి కష్టముగా తోచినను అడుగక మానరాదు.

ఈ విషయమున మనలో రెండు పక్షములు గలవు. మొదటి పక్షమువారికి విదేశయానమనినంతనే విలాసయాత్ర. మన పల్లెలోని కుఱ్ఱవానికి మేలుచేయుటకు పరదేశమువారి పాఠమేల యని వారందురు. రెండవ పక్షమువారికి దూరపు కొండలన్నియు నునుపే. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదను సామెత వారి నోట రాకున్నను వారి నడతలో నున్నది. పదునైదేండ్లు ఒక పేటలో రాత్రిబడి నడపినవాని అనుభవము వారి గణనకు రాదు. అయిదు దినముల విదేశపు తరగతి పత్రము మాత్రము పటము కట్టబడి గోడకెక్కును. చూడగా ఈ రెండు పక్షములకును మూలదోషమొక్కటియే. మొదటివారికి తమ బలమునందు నమ్మిక లేదు గనుక తలుపు మూయుదురు. రెండవవారికి తమ బలము తెలియదు గనుక ఇల్లే విడిచిపెట్టుదురు.

తలుపు మూయుమనువారికి మన చరిత్రయే ప్రత్యుత్తరము. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివి ఎం.ఏ. పట్టమును పొందినవాడు. ఆ పట్టమును నమ్ముకొని సుఖముగా నుండదలచిన నుండగలిగియుండును. కాని ఆయన స్వదేశమునకు మరలి రామదండును నిర్మించెను. 1921 లో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు జనసమూహమును క్రమముగా నడపుటకు నిలిచినది ఆ దండే. ఆ యేడే చీరాల పేరాల ప్రజలు తమకు వలదన్న పురపాలక సంఘమును ధిక్కరించి, ఇండ్లు విడిచి, రామనగరమను పాకల ఊరిలో 11 మాసములు కాపురముండినప్పుడు వారికి వెన్నుగా నిలిచినదియు ఆ దండే. ఎడింబరోలో రామదండు లేదు. ఆ పేరు, ఆ పాట, ఆ చాటువు అన్నియు తెలుగునేలవి. పరదేశమున చదివినవాడు పరదేశపు వేషమును తేలేదు. తనవారిని కూడగట్టు నేర్పును తన భాషలో తన జనులకు చూపెను.

బాలభటోద్యమపు కథయు ఇట్టిదే. ఇంగ్లండున పుట్టిన ఆ ఉద్యమము మన దేశమునకు వచ్చినప్పుడు భారతీయ బాలురకు మొదట అందు చోటు లేకుండెను. 1916 ప్రాంతమున అనిబిసెంటు మద్రాసులో మన బాలురకు వేఱొక సంఘమును స్థాపించి, తలపాగాతోను దేశీయ గీతములతోను దానిని నడపెను. 1950 లో వేర్వేఱు సంఘములు ఏకమై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయినవి. పరదేశమునుండి వచ్చినదని ఆనాడు త్రోసివేసినవారు లేరు. వచ్చినది వచ్చినట్లు నెత్తిన పెట్టుకొనుటయు లేదు. మన పెద్దలు చూపిన ఈ మార్గము నేటికిని మార్గమే.

ఇక ఈ శిక్షణలయందు సారమే లేదని మేమనము. ఐరోపా మండలి 1972 లో స్ట్రాస్‌బర్గున ఒక యువజన కేంద్రమును, 1995 లో బుడాపెస్టున మఱియొకదానిని నెలకొల్పినది. యూరోపియన్ యూనియన్ వారు ఎరాస్మస్ ప్లస్ అను ప్రణాళిక క్రింద, 2 దినములు మొదలు 60 దినముల వఱకు సాగు యువజన సేవకుల శిక్షణలకు ధనసహాయము చేయుచున్నారు. ఈ తరగతులలో ఉపన్యాసము తక్కువ, అనుభవము ఎక్కువ. మొదట ఒక పని చేయింతురు. పిదప ఏమి జరిగెనో చెప్పింతురు. ఏల జరిగెనో ఆలోచింపజేయుదురు. రేపు మీ ఊరిలో దీనిని ఎట్లు వాడుదురని కడపట నడుగుదురు. 2007 నుండి ఇచ్చుచున్న యూత్‌పాస్ అను పత్రములో తాను నేర్చినదేమో నేర్చినవాడే ఆలోచించి వ్రాసికొనవలెను. పరీక్షాధికారి మార్కులు వేయడు. మార్కులే చదువని నమ్మిన మన కళాశాలలు ఈ ఒక్క సంగతినుండి ఎంతయో నేర్చుకొనవచ్చును.

అయితే మనవారు తెచ్చుచున్నదేమి? నూలుండను ఒకరిపై నొకరు విసరుకొను ఆట, రంగుకాగితపు ముక్కలను గోడకంటించు వేడుక, తెల్లవాఱగనే చప్పట్లు చఱచుచు నిద్రమత్తు వదిలించు విద్య. ఇవి చెడ్డవి కావు. కాని వీనికొఱకు విమానమెక్కనక్కఱలేదు. మన పిల్లలకు ఒప్పులకుప్ప తెలియును, చెడుగుడు తెలియును. తేవలసినది వేఱొకటి గలదు. ఐరోపా మండలివారి యువజన విభాగమున ఏ కార్యక్రమము జరుపవలెను, దానికి ధనమెట్లు పంచవలెను అను నిర్ణయములు ప్రభుత్వ ప్రతినిధుల చేతిలోనే లేవు. యువజన సంఘముల పక్షమున 30 మందితో ఒక సలహామండలి గలదు. వారును ప్రభుత్వములవారును ఒక్క బల్లచుట్టు కూర్చుండి కలిసి నిర్ణయింతురు. దీనికి సహనిర్వహణమని పేరు. మన జిల్లాలలో యువజనోత్సవపు పద్దు వ్రాయువారెవరు? వేదికపై కూర్చుండువారెవరు? యువకుడు కుర్చీలు మోయును, యువతి స్వాగతగీతము పాడును. నిర్ణయము మాత్రము వారిద్దఱికంటె నలువది యేండ్లు పెద్దలైనవారిది. నూలుండను తెచ్చి సహనిర్వహణమును అచ్చటనే విడిచివచ్చుట, వడ్లు విడిచి ఊక మోసికొనివచ్చుట గాదా?

మఱియొక సంగతి చెప్పక తీఱదు. ఈ తరగతులలో ఒకనాటి రాత్రి సంస్కృతుల సంబరము జరుగును. ఎవరి దేశపు తినుబండారమును వారు బల్లపై నుంచుదురు. మనవారు పూతరేకులు పంచి, పట్టుబట్ట కట్టి, ఒక నృత్యము చేసి మెప్పు పొందుదురు. మఱునాటి ప్రొద్దున యువజనసేవ యననేమో నేర్పు చర్చలో అదే మనవారు శిష్యులై నోరుమెదపక కూర్చుందురు. రాత్రి ఆడుటకు మన సంస్కృతి పనికివచ్చెను, పగలు ఆలోచించుటకు పనికిరాలేదా? 1914 లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపి ఊరూర చదువరులను సమకూర్చినది మన జాతి. 1935 లో పాతూరి నాగభూషణము పడవపై పుస్తకములు పెట్టించి కాలువగట్టు పల్లెలకు పంపెను. బడికి రాలేనివానియొద్దకు పుస్తకమే పోవలెనను ఆ తలంపు నేటి ఏ తరగతిలోనైనను పాఠముగా చెప్పదగినది. చెప్పవలసినవారు చెప్పరు, చెప్పుటకు వారికి తెలియనే తెలియదు. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు. ఇంటి సంగతియే ఎఱుగనివాడు రచ్చకు పోయి ఏమి గెలుచును?

తెలియనివారే ఏల పోవుచున్నారు? ఎంపికలోనే కీడు గలదు. దరఖాస్తు ఆంగ్లమున నుండును. పరిచయప్రసంగము ఆంగ్లమున నుండును. కాబట్టి పల్లెలో పనిచేయువాడు ఆగిపోవును, పట్టణపు కార్యాలయములో నివేదికలు వ్రాయువాడు సాగిపోవును. పగలెల్ల మిరపచేలలో కూలిచేసి, సాయంకాలము బడి మానిన బాలికలను అరుగుపై కూర్చుండబెట్టి అక్షరములు దిద్దించు యువతి మన జిల్లాలలో లేదా? తాగుడుకు లోనైన తోటివారిని మైదానమునకు మరల్చిన ఆటో డ్రైవరు లేడా? ఏ బాలిక ఏ దినమున ఏల బడి మానునో ఆమెకు తెలిసినట్లు ఏ నివేదికకు తెలియును? పోవలసినవారు వీరు. వీరిని అడిగినవారెవరు?

ఆంగ్లపు గోడ దాటినను రూకల గోడ అడ్డమువచ్చును. నెహ్రూ యువ కేంద్రముల క్రింద పల్లెలలో పనిచేసిన జాతీయ యువ స్వచ్ఛందసేవకులకు ముట్టిన గౌరవవేతనము నెలకు 5,000 రూపాయలు. ఐరోపా దేశముల షెంజెన్ వీసాకు రుసుము 2024 జూన్ నుండి 90 యూరోలు, అనగా మన లెక్కలో 8,000 రూపాయలకు పైమాట. వీసా నిరాకరింపబడినను ఆ సొమ్ము మరలిరాదు. లాభాపేక్షలేని సంఘముల ప్రతినిధులై సభలకును విద్యాకార్యక్రమములకును పోవువారికి ఈ రుసుము లేకుండ ఒక మినహాయింపు గలదు. కాని 25 ఏండ్లు దాటనివారికి మాత్రమే. పదేండ్లు పనిచేసి పండిన సేవకుడు ఆ వయస్సున నుండునా? ఇది చాలదన్నట్లు ప్రయాణపు వ్యయమును ముందు నీవే పెట్టుకొనుము, చీటీలు చూపిన పిమ్మట ఇత్తుమనునది పెక్కు తరగతుల ఆచారము. అప్పు పుట్టినవానికే ఆహ్వానము దక్కునని దీని భావము.

ఒకప్పుడు ఇట్టి తలుపు మన ఇంటనే తెఱచి యుండెను. కామన్‌వెల్తు దేశాధినేతలు 1973 లో అట్టావాలో సమావేశమై యువజన కార్యక్రమమునకు అంగీకరించిరి. దాని ఫలముగా 1975 లో ఆసియాఖండమునకు చండీగఢ్‌న ఒక కేంద్రము వెలసినది. ఆఫ్రికాకు లుసాకాలో, కరిబియను దీవులకు గయానాలోని జార్జిటౌనులో ఇట్టి కేంద్రములే యుండెను. మన దేశపు సేవకులును, పొరుగు దేశముల సేవకులును ఐరోపా వీసా కొఱకు వరుసలో నిలువక, మన నేలపై, మన ఎండలో, మన సమస్యలను గూర్చి కలిసి నేర్చుకొనుటకు అది తావు. 2014 లో ఆ కేంద్రములు మూతపడినవి. మూసినవారి లెక్కలు వారికుండవచ్చును. మన మాట యేమి? ప్రపంచమున యువజనులు అత్యధికముగా గల దేశము మనది. తలుపు మూసికొన్నప్పుడు మనలో ఎందఱము ఆ చప్పుడు విన్నాము?

కేంద్రములు పోయినను సాధనములు పోలేదు. శ్రీపెరుంబుదూరులో 1993 లో నెలకొల్పిన జాతీయ యువజనాభివృద్ధి సంస్థ 2012 నాటి చట్టముచే జాతీయ ప్రాముఖ్యముగల సంస్థయైనది. అది తెలుగువారి పొలిమేరకు చేరువనే యున్నది. శ్రీలంకవారిని, నేపాలువారిని, బంగ్లాదేశమువారిని, ఐరోపావారిని సహితము పిలిచి మన పల్లెల నడుమ తరగతులు నడపుటకు మనకేమి కొఱత? ఐరోపా యువతి మన అంగన్‌వాడీని చూచి నేర్చుకొనదగినది ఎంతయో కలదు. నేర్చుకొనుట ఒకవైపే సాగినచో అది స్నేహము కాదు.

తెలుగున ఇవి సాధ్యముకావని కొందఱందురు. ఐరోపా మండలివారు మానవహక్కుల బోధనకై కంపాస్ అను చేతిపుస్తకమును 2002 లో ప్రకటించిరి. అది ముప్పదికి మించిన భాషలలోనికి వెళ్లినది. అచ్చటి తరగతులును నేడు పెక్కు ఆంగ్లముననే జరుగుచున్నవి. అయినను మనకంటె ఎంతయో స్వల్పసంఖ్యగల జాతులు సైతము పాఠమును తమ భాషలోనికి దింపుకొనుట మానలేదు. తల్లిభాషలో చెప్పలేని పాఠము పేటలోని పిల్లవానికి చేరదని వారెఱుగుదురు. ఎనిమిది కోట్లకు పైబడిన తెలుగువారము మనమా పని చేయలేమా?

కావున పంపు సంఘములను, ప్రభుత్వములను మేము కోరునది ఇది. ఎంపిక పనినిబట్టి జరుగవలెను. మూడేండ్లైన ఒకచోట నిలిచి పనిచేసినవానినే పంపవలెను. అతని పనికి సాక్ష్యము అధికారి చీటి కాక, అతడు పనిచేసిన యువజనుల మాట కావలెను. ప్రశ్నోత్తరములు తెలుగున జరుగవలెను. వీసా రుసుము, ప్రయాణపు సొమ్ము ముందే అతని చేతబెట్టవలెను. మరలివచ్చిన మూడు మాసములలో అతడు తన జిల్లాలో ఇరువదిమందికి తక్కువ గాకుండ తెలుగున తరగతి నడపవలెను. పనికివచ్చినదానిని తెలుగున వ్రాసి అందఱికీయవలెను. పనికిరానిది పనికిరాదని నిర్భయముగ చెప్పవలెను. ఇందులకు సమ్మతింపనివాడు ఎంతటివాడైనను పోరాదు.

పూర్వము కాశికి పోవుట నేటి విమానయానముకంటె కష్టమైన పని. ఊరివారు పొలిమేర వఱకు వచ్చి సాగనంపెడివారు. పోయినవాడు గంగచెంబుతో తిరిగివచ్చి, కాశీసమారాధన చేసి, నడచిపోలేని ముసలివానికి, రోగికి, పసివానికి తలా ఒక ఉద్ధరిణె తీర్థమిచ్చెడివాడు. అప్పుడే అతని యాత్ర పూర్తియైనట్లు. చెంబును పెట్టెలో దాచి తాళము వేసికొన్నవానిని కాశికి పోయినవాడని ఊరు ఒప్పుకొన్నది కాదు. యువజన సేవకుడా! నీవు పోవలదని మేమనము. పోయి రమ్ము. నీ ఊరి అరుగుపై అక్షరములు దిద్దుచున్న బాలిక నీ చెంబువైపు చూచుచున్నది.