పలక కంటే ముందు పిక్కలు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని తెలుగు ఇళ్లలో మూడేళ్ల పిల్లవాడు చుట్టాల ముందు ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా అప్పజెబితే అందరూ మురిసిపోతారు. అదే పిల్లవాడి ముందు చింతపిక్కలు పోసి ‘మూడు ఇవ్వు నాన్నా’ అనండి. దొరికినన్ని తీసి చేతిలో పోస్తాడు. మనస్తత్వ శాస్త్రవేత్త కరెన్ విన్ 1990లో ఇలాంటి పరీక్షతోనే పిల్లల ఎదుగుదలను గమనించారు. మొదట ఒకటి అంటే ఎంతో తెలుస్తుంది, కొన్ని నెలలకు రెండు, ఆ తర్వాత మూడు. లెక్కపెట్టేటప్పుడు చివరికి పలికిన సంఖ్యే మొత్తం అన్న ఎరుక అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. నోటికి రావడానికీ, అర్థం కావడానికీ మధ్య ఉన్న ఈ ఎడాన్ని దాటించేది ఆట. మనం మాత్రం ఆ వయసులో అంకెలు దిద్దిస్తూ నోటు పుస్తకాలు నింపిస్తున్నాం.

ఈ ఊళ్లో ఇంకో చిక్కు ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే బిలాస్‌పూర్‌ను పెద్ద కూడలిగా మార్చింది. 1931లో రాయపూర్-విజయనగరం లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్రకు దారి దగ్గరైంది. రైలు ఉద్యోగాలతో వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు మనవలు, మునిమనవలు బడికెళుతున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీయో ఇంగ్లీషో. పిల్లలు తికమకపడతారని చాలామంది తల్లిదండ్రులు తెలుగు లెక్కను మానిపిస్తున్నారు. ఇది పొరపాటు.

ఇరవై దాటాక తెలుగు లెక్క ఎంత తేటగా ఉంటుందో చూడండి. ఇరవై తొమ్మిది, ముప్పై తొమ్మిది, నలభై తొమ్మిది: పదులెన్నో ఒకట్లెన్నో పేరులోనే వినిపిస్తాయి. హిందీలో ఉన్‌తీస్, ఉన్‌తాలీస్, ఉన్‌చాస్ అంటూ వంద దాకా దాదాపు ప్రతి పేరునూ విడిగా కంఠస్థం చేయాలి. అది హిందీ తప్పేమీ కాదు, బడికి ఆ పేర్లు కావాల్సిందే. కానీ పదుల కట్ట సంగతి ముందు తెలుగులో పట్టుబడిన పిల్లకు హిందీలో మిగిలే పని పేర్లు నేర్చుకోవడమే. లెక్కను మళ్లీ నేర్చుకోనక్కర్లేదు.

ఇక ఏ ఆటలు? అష్టాచెమ్మాలో గవ్వలు మూడు వెల్లకిలా పడితే మూడు, నాలుగూ పడితే చెమ్మ, అన్నీ బోర్లా పడితే అష్ట. ఒక్క చూపులో ఇన్ని అని పోల్చుకోవడం, అన్ని గళ్లే కాయ జరపడం ఐదేళ్ల పిల్లకు పెద్ద సాధన. అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీత రామణి తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లల చేత ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసిన గళ్ల పట్టీ మీద ఆడించారు. రెండు వారాల్లో నాలుగు విడతలు, ప్రతిసారీ 15-20 నిమిషాలు, అంతే. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం సంఖ్యల మీద వారి పట్టు బాగా పెరిగింది. అంకెలకు బదులు రంగులు వేసిన పట్టీతో ఆడినవారిలో అలాంటి మార్పు రాలేదు.

ఆ తేడా ముఖ్యమైనది. ఢిల్లీలో ప్రథమ్ సంస్థ నడిపే బాలబడుల్లో 1,540 మంది పిల్లలతో ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు అంకెలు లేని గణిత ఆటలు ఆడించి, 2017లో ఫలితాలు ప్రకటించారు. ఏది ఎక్కువ, ఏది తక్కువ అని పోల్చే సహజ నేర్పు పెరిగింది, ఏడాది దాటినా నిలిచింది. కానీ ప్రాథమిక బడి లెక్కల్లో వాళ్లు మిగతావారిని మించలేదు. కాబట్టి ఆట ఉంటే చాలదు. పిక్కల పక్కన సుద్దముక్కతో అంకె వేయాలి, దాని పేరు పైకి పలికించాలి. (చిన్న పిల్లలు పిక్కలు నోట్లో పెట్టుకుంటారు, పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.)

కోర్బా వైపు నుంచి వచ్చే బొగ్గు గూడ్సులో యాభైకి పైగా వ్యాగన్లుంటాయి. నాలుగేళ్ల పిల్ల వాటిని లెక్కపెట్టబోతే నోరు ముందుకు, బండి వెనక్కు. అందుకే ఖాళీ అగ్గిపెట్టెలను దారంతో వరసగా కట్టి ఇంట్లోనే రైలు చేయండి. ‘ఎన్ని పెట్టెలు తల్లీ?’ ‘ఐదు, అమ్మమ్మా.’ ‘ఇంకోటి తగిలిస్తే?’ ఆ తర్వాత, ‘రెండో పెట్టె ఏది?’ ఇంజను వైపు నుంచి లెక్కించినా చివరి పెట్టె వైపు నుంచి లెక్కించినా మొత్తం మారదనీ, రెండో పెట్టె మాత్రం మారిపోతుందనీ పిల్ల తనంతట తాను కనిపెడుతుంది. ఈ సంగతిని ఏ వర్క్‌బుక్కూ ఇంత బాగా చెప్పలేదు. (చిన్న పిల్లలు పిక్కలు నోట్లో పెట్టుకుంటారు, పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.)

2020 జాతీయ విద్యావిధానం ఇంటి భాషనూ ఆటనూ సమర్థించింది. మూడో తరగతికల్లా ప్రతి బిడ్డకూ కనీస లెక్కలు రావాలన్న నిపుణ్ భారత్ 2021లో, ఆటవస్తువుల పెట్టె జాదూయీ పిటారా 2023లో వచ్చాయి. అయితే బిలాస్‌పూర్ తెలుగు పిల్లల కోసం ఆ పెట్టెలో తెలుగు లెక్క పెట్టే బాధ్యత మనదే. ఇక్కడి తెలుగు సంఘాలు పండగ కార్యక్రమాలతో పాటు వారానికి ఒక సాయంత్రం తాతలనూ అమ్మమ్మలనూ పిల్లలతో కూర్చోబెట్టాలి. నాలుగు గవ్వలు, గుప్పెడు పిక్కలు, ఒక సుద్దముక్క చాలు. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.