అంబాసిడరా? ఎస్‌యూవీయా?

మన హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక జరిగే చర్చల్లో కార్ల గొడవ ఒకటి. అంబాసిడర్ లాంటి గట్టి బండి మళ్ళీ రాదని కొందరు, ఎస్‌యూవీ ముందు అదెంత అని కొందరు. మనలో ఎవరి ఇంటి ముందూ ఈ రెండింటిలో ఏదీ లేకపోయినా వాదనకు మాత్రం లోటుండదు! ఒక మెకానిక్ కొడుకుగా నా అభిప్రాయం కూడా చెబుతాను.

ముందుగా నిజం ఒప్పుకోవాలి. బండి ఎక్కేవాడికి ఎస్‌యూవీయే మేలు. బ్రిటన్ వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్, 1950ల చివరి నుంచి 2014 వరకు వచ్చింది. మంత్రులూ దాన్నే ఎక్కారు, పెళ్ళివారూ దాన్నే ఎక్కారు. రేకు మందం అని అందరూ మెచ్చుకునేవారు. కానీ గట్టిదనం వేరు, భద్రత వేరు. ప్రమాదం జరిగినప్పుడు బండి ముందు భాగం నలిగి ఆ దెబ్బను తాను తీసుకోవాలి. బండి నలగకపోతే దెబ్బ లోపలి మనిషికి తగులుతుంది. ఇప్పటి బండ్లను ఈ లెక్కతోనే తయారుచేస్తున్నారు. మన దేశంలో 2019 నుంచి కొత్త కార్లకు ఏబీఎస్ బ్రేకులు, డ్రైవరుకు ఎయిర్ బ్యాగ్ తప్పనిసరి చేశారు. పాతదన్న ఒక్క కారణంతో దేన్నీ నెత్తిన పెట్టుకోనక్కరలేదు.

అయితే అంబాసిడర్ చేసిన మేలు ఒకటుంది. అది చదువు లేనివాళ్ళకు బడి అయింది. మా నాన్న మూడో తరగతితో చదువు మానేసి, పన్నెండో ఏట షెడ్డులో చేరాడు. బోనెట్టు ఎత్తితే ఇంజనంతా కంటికి కనపడేది, చేతికి అందేది. పెట్రోలు బండి అయితే కార్బొరేటరు, పాయింట్లు, డీజిలు బండి అయితే పంపు, నాజిళ్ళు. శబ్దం విని రోగం చెప్పేవాడు. ఆ సంపాదనతోనే నేను ఎమ్మెస్సీ ఎలక్ట్రానిక్స్ దాకా వచ్చాను. మా ఇంట్లో డిగ్రీ చదివినవాడిని నేనే మొదలు.

కిందటి సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు ఒక ఎస్‌యూవీ మా షెడ్డు ముందు ఆగింది. డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతోంది, బండి లాగడం లేదు. నాన్న బోనెట్టు ఎత్తి చెవి పెట్టి విన్నాడు. ఇంతలోనే ఓనరు "ఇది కంప్యూటర్ బండయ్యా, నీవల్ల కాదులే" అని వెళ్ళిపోయాడు. నాన్న ఏమీ అనలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

స్కాలర్‌షిప్పు డబ్బులతో చిన్న స్కానరు కొన్నాను. స్టీరింగు కింద ఉండే సాకెట్‌కు తగిలిస్తే తప్పు ఎక్కడుందో కోడు చూపిస్తుంది. తెలిసిన డ్రైవరు బండికి పెట్టి చూస్తే పీ0087 అని వచ్చింది. "రైలు పైపులో డీజిలు ఒత్తిడి తక్కువగా ఉంది నాన్నా" అన్నాను. "అంతేనా! ముందు ఫిల్టరు విప్పరా" అన్నాడు. విప్పి చూస్తే ఫిల్టరు మట్టితో పూడిపోయి ఉంది!

కోడు తప్పు ఎక్కడుందో చెప్పింది. అది ఎందుకొచ్చిందో తేల్చింది నాన్న అనుభవమే. బండి మారింది గానీ ఆయన విద్య చెల్లకుండా పోలేదు. ఆయనకూ ఆ బండికీ మధ్య ఇంగ్లీషు, ఒక చిన్న పరికరం అడ్డం వచ్చాయి. అంతే. ఇప్పుడు ఒక నోటుబుక్కులో కోడుల అర్థాలు తెలుగులో రాసి ఇస్తున్నాను.

ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ఇలాంటి షెడ్డు మెకానిక్‌లకు సాయంత్రం పూట తెలుగులో శిక్షణ ఇవ్వాలని నా కోరిక. అందాకా ఆ పని మనం చెయ్యవచ్చు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ నాన్న మగ్గం నేసినా, చెప్పులు కుట్టినా, మోటార్లు బాగుచేసినా, ఆయన పనిలోకి కొత్తగా ఏం వచ్చిందో ఈ సెలవుల్లో అడగండి. మీరు చదివింది ఆయన భాషలో చెప్పండి. ఏ కారు గొప్పదో తర్వాత తీరిగ్గా వాదించుకుందాం.