వృత్తియా? వ్యాపారమా?

2024వ సంవత్సరము మే నెల 14వ తేదిని సుప్రీముకోర్టువారు చెప్పిన తీర్పొకటి మా సోదర న్యాయవాదులకు పండుగ తెచ్చిపెట్టినది. న్యాయవాది చేయు పని వినియోగదారుల రక్షణ చట్టము క్రిందికి రాదనియు, సేవాలోపము జరిగినదని కక్షిదారుడు తన వకీలుమీద వినియోగదారుల కమిషనుకు పోరాదనియు అందు తేల్చిరి. ఏలనన, న్యాయవాదిది వ్యాపారము కాదట, వృత్తియట. అది మొదలు కోర్టు వరండాలలో తలలెత్తి నడచువారి సంఖ్య పెరిగినది. తలయెత్తుటకు నాకును అభ్యంతరము లేదు; నేనును ఆ నల్లకోటు వాడనే. కాని ఈ ‘వృత్తి’ యన్నది మనకు దొరికిన బిరుదమా, లేక మనము తీర్పవలసిన బాకీయా యని యొక్కరును ప్రశ్నించినట్లు కనబడదు.

ఇంగ్లీషు చదువుకొన్న మనము ‘ప్రొఫెషన్’ అను మాటకు వృత్తి యని తెనుగు చేసికొని, ఆ తెనుగు మాటకున్న పాత యర్థమును మరచితిమి. కుమ్మరిది వృత్తి. కమ్మరిది వృత్తి. మంగలిది వృత్తి. కళ్లములో ధాన్యము కొలుచునాడు రైతు వీరివీరి మేరలు వీరికి కొలిచి యిచ్చెడివాడు. ఆ గింజలు పుచ్చుకొన్నందులకు, నాగటి కఱ్ఱు ఎవడు తెచ్చినను కమ్మరి కొలిమి రాజేయవలసినదే. నీ మొగము నాకు నచ్చలేదు పొమ్మనుటకు వానికి వీలులేదు. ఆ యేర్పాటును నేను పొగడుట లేదు సుమా! పుట్టుకతోనే మెడకు గట్టిన పని అది. అందు సగము వెట్టి. అది పోవలసినదే. కాని యొక్క చిత్రము చూడుడు. కమ్మరికి కట్టుబాటంతయు మిగిల్చి గౌరవము లేకుండ జేసితిమి. మనమో, గౌరవమంతయు ఉంచుకొని కట్టుబాటును జారవిడుచుచున్నాము. చేతిలో సుత్తె యున్న వానికంటె చేతిలో ఫైలున్నవాడు దేనివలన గొప్పవాడో, వాడే చెప్పవలయును.

చట్టమే ఒక జవాబు చెప్పుచున్నది. గడియారము బాగుచేయువాడు తన కూలి ముట్టువఱకు గడియారమును తనకడనే యుంచుకొనవచ్చును. కాంట్రాక్టు చట్టము 170వ సెక్షను వాని కాహక్కు నిచ్చినది. మఱి న్యాయవాది? ఫీజు బాకీ పడినదని కక్షిదారుని కాగితములను బిగపట్టుకొనవచ్చునా? వీలులేదని సుప్రీముకోర్టు 2000వ సంవత్సరమున ఆర్.డి. సక్సేనా కేసులో స్పష్టముగా చెప్పినది. ఫీజు కావలసిన దావా వేసికొనుము, కాగితములు మాత్రము తిరిగి యిమ్ము అన్నది. ఎందుచేత? గడియారము నిలిచిన మనుష్యుని బ్రదుకు నిలిచిపోదు; కాగితములు నిలిచిన పొలము పోవును, ఇల్లు పోవును, జామీను పోవును. పనివానికున్న హక్కును సయితము న్యాయవాది వదలుకొనవలసి యున్నది. ఎదుటివాడు తన సర్వస్వమును మనచేతిలో పెట్టి, మనము వ్రాసినదేమో చదివి గ్రహింపలేక, చూపినచోట సంతకము చేయుచున్నాడు. బేరగాడు సరకును తట్టి చూచుకొనును. కక్షిదారుడు దేనిని తట్టి చూడగలడు? ఈ నమ్మకమున్నచోటనే వృత్తి యున్నది. నమ్మినవానికై మనము వదలుకొన్న దెంతో, మన గౌరవమంత.

ఇట్టి నమ్మకమునకు ద్రోహము జరిగిన అడుగువాడెవడు? మాకు బారు కౌన్సిలున్నది, మా తప్పులు మేమే విచారించుకొందుము, పైవారి జోక్యము మాకక్కఱలేదు అందుము. వాదము బాగుగనే యున్నది. ఒకవిధముగా నిది వృత్తి స్వరాజ్యము. కాని స్వరాజ్య మనగా నెవడికి వాడు క్షమించుకొనుట కాదు గదా! 1961వ సంవత్సరపు న్యాయవాదుల చట్టమును తెఱచి చూడుడు. ఫిర్యాదు విచారించు క్రమశిక్షణ కమిటీలో ముగ్గురు, ముగ్గురును న్యాయవాదులే. ఆ కౌన్సిలు సభ్యులను ఎన్నుకొనునదియు న్యాయవాదులే. అనగా ముద్దాయి వోటు న్యాయనిర్ణేతకు కావలయును. సంవత్సరములోపల విచారణ ముగింపవలెనని 36బి సెక్షను చెప్పుచున్నది. ముగియనిచో కాగితములు ఢిల్లీకి పోవును. ఎప్పటికో ఫిర్యాదు రుజువైనదే యనుకొందము. 35వ సెక్షను క్రింద కమిటీవారు మందలింపవచ్చును, కొంతకాలము పని మాన్పింపవచ్చును, పట్టీనుండి పేరు కొట్టివేయవచ్చును. మునిగినవానికి మాత్రము నష్టపరిహారముగా దమ్మిడీ ఇప్పింపజాలరు! వినియోగదారుల కమిషను ఆ దమ్మిడీ ఇప్పింపగలిగెడిది. ఇప్పు డా త్రోవయు మూసికొన్నది. అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కొని తినానీయదు.

సివిలు కోర్టు లేదా యని మిత్రులు తొందరపడి అందురు. ఉన్నది. అజాగ్రత్తవలన నష్టము కలిగించిన న్యాయవాదిపై దావా వేయవచ్చునని 1926వ సంవత్సరపు ఫీజుల చట్టము 5వ సెక్షను మొదలే చెప్పినది. కాని యా దావా వేయుటకు కోర్టు ఫీజు కట్టి, మరల నొక న్యాయవాదినే వెదకికొనవలయును. అదే ఊరిలో, అదే బారు గదిలో కూర్చుండి, అదే ఫ్లాస్కులోని టీ పంచుకొను న్యాయవాదిని!

ఆ తీర్పునకు చెప్పిన కారణములలో ఇంకొకటి యున్నది. దానిని మనవారు చదివిరో లేదో. న్యాయవాది తన కక్షిదారుని అదుపునకు లోబడి పనిచేయువాడు గనుక అది వ్యక్తిగత సేవయట, ఆ కారణమునను వినియోగదారుల చట్టము అంటదట. ఇన్నాళ్లును మనము చెప్పుకొన్న దేమి? మేము కక్షిదారుని నౌకర్లము కాము, న్యాయస్థానమునకు అధికారులము, ఆతడు చెప్పుమన్న అబద్ధము చెప్పము అని కాదా? వైద్యులకు 1995వ సంవత్సరపు తీర్పు ప్రకారము వినియోగదారుల చట్టము నేటికిని వర్తించుచున్నది. కత్తి పట్టినవాడు జవాబు చెప్పుకొనవలెనట, కలము పట్టినవాడు చెప్పుకొననక్కఱలేదట. నేనా తీర్పును ధిక్కరించుట లేదు. అది చట్టము, దానికి తలవంచుచున్నాను. దానిని విజయపతాకగా ఎగురవేయువారిని మాత్రమే అడుగుచున్నాను.

ఇక బహిష్కారముల సంగతి. 2002వ సంవత్సరము డిసెంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము హరీష్ ఉప్పల్ కేసులో న్యాయవాదులకు సమ్మె హక్కు లేదని తీర్పు చెప్పినది. బారునకో బెంచికో స్వాతంత్ర్యమే పోవు అత్యరుదైన సమయమున ఒక్కదినమునకు మించని నిరసనను కోర్టులు సహింపవచ్చు నన్నారు, అంతే. ఆ తరువాత మన కోర్టులలో ఎన్ని దినములు బహిష్కరింపబడెనో చదువరులు తమ తమ ఊళ్ల లెక్కలు చూచుకొనవచ్చును. ఇందులకు మనవారు గాంధీగారి పేరు చెప్పుట వినినప్పుడు నాకు కలుగు బాధ ఇంతింత కాదు. 1920–21లో కోర్టులను బహిష్కరించినవారు విడిచినది తమ సంపాదనను. ప్రకాశము పంతులుగారు మద్రాసులో వేలార్జించుచుండిన ప్రాక్టీసును కాదనుకొనిరి. చిత్తరంజన్ దాసుగారు, మోతీలాల్ నెహ్రూగారు రాజభోగములను విడిచిరి. నేటి బహిష్కారములో ఫీజు మన జేబులోనే యుండును. వాయిదా మాత్రము కక్షిదారుని నెత్తిన పడును. తెల్లవారుజామున బస్సెక్కి, దినకూలి పోగొట్టుకొని వచ్చి, తలుపు వేసిన కోర్టు హాలు చూచి తిరిగిపోవు ముసలిదాని ఉపవాసమును మన త్యాగమని చెప్పుకొనవచ్చునా?

2025 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము న్యాయవాదుల చట్టమునకు సవరణ ముసాయిదా ప్రకటించినది. అఖిలభారత బారు కౌన్సిలులో ప్రభుత్వము తన మనుష్యులను కూర్చుండబెట్టు నిబంధన అందుండెను. అది నిజముగా ప్రమాదము. దాని నెదిరించుట ధర్మము. ప్రభుత్వముపై దావా వేయువాని పట్టీ ప్రభుత్వము చేతిలో నుండరాదు. కాని అదే ముసాయిదాలో కోర్టుల బహిష్కారమును నిషేధించు నిబంధనయు నుండెను. మనవారు దానినిగూడ ఎదిరించిరి. ఎట్లనగా, కోర్టులను బహిష్కరించి! ప్రభుత్వము ఆ నెలలోనే ముసాయిదాను పునఃపరిశీలనకు వెనుకకు తీసికొన్నది. న్యాయమైన వాదమును అన్యాయమైన ఆయుధముతో గెలిచితిమి. మరల ఆ ముసాయిదా వచ్చునాడు, వీరు తమ్ము తాము దిద్దుకొనజాలరని ప్రభుత్వము మన బహిష్కారములనే సాక్ష్యముగా చూపిన, మన మేమి బదులు చెప్పగలము?

అన్నిటికంటె గొప్ప అపచారము వేఱొకటి. ఫలానా ముద్దాయికి మా బారులో నెవరును వకాలతు పుచ్చుకొనరాదని తీర్మానము చేయుట. కోయంబత్తూరులో న్యాయవాదులతో కలహించిన పోలీసులపట్ల నిట్టి తీర్మానమే జరుగగా, 2010లో సుప్రీముకోర్టు అట్టివన్నియు చెల్లవని కొట్టివేసినది. అయినను 2019వ సంవత్సరము నవంబరు నెలాఖరున హైదరాబాదు శివారున ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన ఘోరమునకు దేశమంతయు కంపించిననాడు, ఆ ప్రాంతపు బారువారు ముద్దాయిల పక్షమున నిలువమనిరి. ఆ కోపము నాకు తెలియనిది కాదు. ఆనాడు కంట నీరు పెట్టుకొననివా రెవరు? కాని డిసెంబరు 6వ తేది తెల్లవారుజామున ఆ నలుగురును పోలీసు కాల్పులలో చనిపోయిరి. వారిని చంపవలెనని బుద్ధిపూర్వకముగా కాల్చిరని సిర్పూర్కరుగారి కమిషను 2022లో నివేదించినది. వారిలో ముగ్గురు నాటికి మైనరులనికూడ వ్రాసినది. నేరము చేసినది వారో కాదో తేల్చుటకు న్యాయస్థానమున కిక నవకాశమే లేకపోయినది. ఆ బిడ్డ తలిదండ్రులకు దక్కవలసిన తీర్పుగూడ ఆ తెల్లవారుజామున పోయినది. పోలీసువానిని అనుటకుముందు మనలను మన మనుకొనవలయును. ముద్దాయి ప్రక్కను నిలుచుటకు నల్లకోటు లేనప్పుడు, వాని యెదుట తుపాకి మాత్రమే మిగులును. పాత ఊరిలో కమ్మరికి లేని స్వేచ్ఛను, అనగా నీ పని నేను చేయను పొమ్మను స్వేచ్ఛను, మన మెక్కడినుండి తెచ్చుకొంటిమి?

కావున నా సోదరులతో నా బేరము సులభము. వినియోగదారుల కమిషను మనకు వలదు, సరే. దానికి బదులుగా క్రమశిక్షణ కమిటీలో నల్లకోటు లేని పౌరు డొకడు కూర్చుండవలయును. నష్టపోయినవానికి సొమ్ము తిరిగి యిప్పించు నధికారము కమిటీకి చట్టముచేత రావలయును. మనమే పార్లమెంటును అడుగవలయును. ప్రతి జిల్లా కోర్టు నోటీసుబోర్డుపైన ఆ జిల్లా న్యాయవాదులపై వచ్చిన ఫిర్యాదు లెన్నో, తేలిన వెన్నో, సంవత్సరము దాటిన వెన్నో అంకెలు వ్రాసి యంటింపవలయును. పేరు లక్కఱలేదు, అంకెలు చాలును. ఇక మీదట బారు సంఘములో ఎవరైన బహిష్కార తీర్మానము ప్రతిపాదించినచో, వోటునకు ముందు అధ్యక్షులవారు ఒక్క ప్రశ్న వేయుదురు గాక: ఆ దినపు వాయిదాకు పుచ్చుకొన్న ఫీజును, కక్షిదారుని బస్సు ఖర్చులతో సహా, తిరిగి యిచ్చుటకు సిద్ధముగా నున్నవారు చేతులెత్తుడు!