తెల్లకణముల లెక్క చదవని కీళ్ళవాత వైద్యము

కీళ్ళవాతముతో బాధపడేవారిలో చాలామంది వద్ద ‘ఆర్.ఏ. ఫ్యాక్టర్’ కాగితములు నాలుగైదు ఉంటాయి. ఆ అంకె పెరిగిందా, తగ్గిందా అన్నదే వారి దిగులు. అదే కట్టలో ఉన్న రక్తకణముల లెక్కను మాత్రము రోగి చూడడు; కొన్నిచోట్ల వైద్యుడూ చూడడు. ఇది సమర్థించరాని అలవాటు.

రుమటాయిడ్ కీళ్ళవాతము కీళ్ళకే పరిమితమైన వ్యాధి కాదు. రక్షణవ్యవస్థ దారితప్పి స్వంత శరీరముపైనే ప్రతిరక్షకములను ప్రయోగించే వ్యాధి. కొందరిలో ఈ ప్రతిరక్షకములు సూక్ష్మజీవులతో పోరాడే న్యూట్రోఫిల్ తెల్లకణములకే అంటుకుంటాయి. అలా గుర్తుపడిన కణములను ప్లీహము పట్టి ధ్వంసము చేస్తుంది. కీళ్ళవాతము, పెరిగిన ప్లీహము, తగ్గిన తెల్లకణములు కలసి ఉన్న ఐదుగురు రోగులను అమెరికా వైద్యుడు ఆగస్టస్ ఫెల్టీ 1924లోనే వర్ణించాడు. ఫెల్టీ సిండ్రోమ్ అరుదైనదే. కాని న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరుకు 500 కంటె తగ్గినవారికి చిన్న పుండు కూడా ప్రాణాంతకము కావచ్చు.

ఆర్.ఏ. ఫ్యాక్టర్ ఆరోగ్యవంతులైన కొందరు వృద్ధులలోనూ, హెపటైటిస్ సి ఉన్నవారిలోనూ కనిపిస్తుంది. కీళ్ళవాతము ఉన్న కొందరిలో కనిపించదు. వ్యాధి నిర్ణయమునకు అది తోడ్పడుతుంది. పదేపదే చేయించి ఆ అంకెకు వైద్యము చేయటము వృథా వ్యయము. తెల్లకణములపై ప్రతిరక్షకములకు మరొక ఖరీదైన పరీక్ష కావాలని కూడ నేను అనను. అది ఈ వ్యాధికే ప్రత్యేకమైనది కాదు. సామాన్యమైన రక్తపరీక్షలో న్యూట్రోఫిల్స్ లెక్క చదివితే ప్రమాదము తెలుస్తుంది.

‘కణములు తగ్గితే దోషము మందుదే, మాత్రలు మానెయ్యండి’ అని సలహా ఇచ్చేవారున్నారు. మెథోట్రెక్సేట్ వలన తెల్లకణములు తగ్గవచ్చు, నిజమే. వారానికొకసారి వేసుకోవలసిన ఆ మందును పొరపాటున రోజూ మింగితే ప్రమాదము ఇంకా ఎక్కువ. కాని ఫెల్టీ సిండ్రోమ్‌లో పడిపోయిన కణములను తిరిగి పెంచటానికి సాధారణముగా వాడేది కూడ మెథోట్రెక్సేటే! కారణము తేల్చకుండా దానిని ఆపమనటము వైద్యము కాదు, ఊహాగానము.

పేరులేని నొప్పి పొడుల సంగతి మరీ ఘోరము. వాటిలో స్టీరాయిడ్లు కలిస్తే నొప్పితో పాటు జ్వరము కూడ అణగిపోతుంది. లోపల సూక్ష్మజీవులు పెరుగుతున్నా రోగికి తెలియదు.

అందువలన కీళ్ళవాతము గలవారు తమ వైద్యుని ‘నా న్యూట్రోఫిల్స్ ఎన్ని?’ అని అడగాలి. జ్వరము, నోటిపూత, మానని కాలిపుండు ఉంటే జాప్యము చేయక రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆ ప్రశ్నకు విసుగుకొనే హక్కు ఏ వైద్యునికీ లేదు.